చేతి వరస, నోటి వరస

తెలుగు పీడీఎఫ్ ఒకటి తెరిచి, చెరుకుపల్లి అన్న ఊరి పేరు కళ్లెదురుగా కనిపిస్తున్న పేజీలోనే ఆగి, అదే పేరు కొట్టి వెతికితే చాలాసార్లు దొరకలేదన్న జవాబే వస్తుంది. ఆ పేరును మౌస్‌తో ఎంచుకుని, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే సంగతి బయటపడుతుంది. కొన్ని పీడీఎఫ్‌లలో ఎంచుకోవడానికే ఏమీ ఉండదు. పేజీ మొత్తం ఒక ఫొటో. కొన్నింటిలోంచి నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న రోమన్ అక్షరాలు, లెక్కల గుర్తులు కలగాపులగంగా వచ్చి పడతాయి. మూడో రకంలో తెలుగే వస్తుంది కానీ ‘చెరుకుపలి్ల’ అని వస్తుంది. గుడి ముందుకొచ్చి, ల ఒత్తు తెగి పక్కన పడుతుంది. ఈ మూడో రకం పీడీఎఫ్‌లో తెనాలి దొరుకుతుంది, బాపట్ల దొరుకుతుంది, రేపల్లె దొరకదు. చెరుకుపల్లి మండలంలోని కావూరులో పుట్టిన కవి తుమ్మల సీతారామమూర్తిని ఇంటిపేరుతో వెతికితే కనిపిస్తారు, అసలు పేరుతో వెతికితే కనిపించరు. ఇది ఇష్టమొచ్చినట్టు జరుగుతున్న గందరగోళం కాదు. దీనికొక నియమం ఉంది, ఆ నియమానికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

నియమం చెప్పడం తేలిక. పలక మీద పిల్లవాడికి ‘ల్లి’ నేర్పేటప్పుడు ముందు ల రాయించి, గుడి పెట్టించి, లి కింద ల ఒత్తు ఇమ్మంటాం. చేతి వరస అది. నోరు పలికే వరస వేరు: మొదట పొల్లు ల, తర్వాత ఇంకో ల, చివర ఇకారం. కంప్యూటరులో ఒక్కో అక్షరానికీ ఒక్కో సంకేతం ఇచ్చే యూనికోడ్ ఈ నోటి వరసనే తీసుకుంది. దాని లెక్కలో చెరుకుపల్లి పదకొండు సంకేతాల మాట. ఆఖరి నాలుగూ ల, పొల్లు, ల, గుడి. చేతి వరసలో పెడితే ఆ నాలుగే తారుమారవుతాయి, మాట చెడుతుంది. తెనాలిలో ఒత్తే లేదు కాబట్టి రెండు వరసలూ ఒకటే. బాపట్లలో ఒత్తున్న అక్షరం మీద గుడీ ఏత్వమూ లేవు కాబట్టి అక్కడా తేడా రాదు. సీతారామమూర్తిలోని ‘ర్తి’ దగ్గర వస్తుంది, తుమ్మలలోని ‘మ్మ’ దగ్గర రాదు. నా వాదన ఇది: వెబ్‌సైట్ల మీద తెలుగు పీడీఎఫ్ చెడిపోవడానికి లోతైన కారణం సర్వరులోనూ లేదు, బ్రౌజరులోనూ లేదు. అచ్చు వృత్తి తరతరాలుగా పాటించిన చేతి వరసను, ఆ వృత్తి పనిముట్లు మారిపోయిన తర్వాత కూడా మనం దస్తావేజుల్లోకి మోసుకొచ్చాం. అక్షరం కనిపిస్తే చాలనుకున్నాం.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. పీడీఎఫ్ తెరుచుకోకపోవడానికి మామూలుగా చెప్పే కారణాలన్నీ వెబ్‌సైటు వైపువే కదా, అక్షరాల చరిత్ర దాకా ఎందుకు వెళ్లాలి అని. ఆ కారణాలు నిజమైనవే. సర్వరు పంపే ఫైలు ముందు ఇది పీడీఎఫ్ అని చెప్పే గుర్తు ఉండాలి. అది లేక ఉత్త డేటా అని పంపితే బ్రౌజరు చూపించకుండా దించేసుకుంటుంది. గుర్తు సరిగ్గానే ఉన్నా, పక్కన ‘జోడింపు’ అని ఇంకో మాట తగిలిస్తే అప్పుడూ అంతే. వంద మెగాబైట్ల స్కాన్ పుస్తకాన్ని వెబ్‌కు అనువుగా వరస మార్చి దాచకపోతే ఫైలంతా దిగేదాకా మొదటి పేజీ కూడా రాకపోవచ్చు. పేజీలో చట్రం కట్టి అందులో పీడీఎఫ్‌ను బిగిస్తే ఐఫోన్‌లో మొదటి పేజీ మాత్రమే బొమ్మలా కనిపించడం, ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్రోమ్ చాలా ఏళ్లపాటు చూపించకుండా డౌన్‌లోడ్ చేయించడం అందరూ ఎరిగినవే. 1990ల చివర బ్రౌజరుకు అడోబీ వారి ప్లగిన్ తగిలించుకుంటే తప్ప పీడీఎఫ్ కనిపించేది కాదు. 2010లో క్రోమ్ తన సొంత వ్యూయర్ పెట్టుకుంది. మొజిల్లా వాళ్లు జావాస్క్రిప్ట్‌తో రాసిన పీడీఎఫ్.జేఎస్ 2013 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ 19లో చేరింది. 2015 నాటికి క్రోమ్ పాత ప్లగిన్లను పూర్తిగా వదిలేసింది.

ఈ మరమ్మతులన్నీ ప్రపంచం మొత్తానికీ ఉమ్మడివి, ఇరవై ఏళ్లలో చాలావరకు అయిపోయాయి. ఇంగ్లిషు పీడీఎఫ్ వీటితో కుదుటపడింది. తెలుగు పీడీఎఫ్ పడలేదు. నా వాదనకు ఇదే మొదటి సాక్ష్యం. ఒకే సర్వరు, ఒకే బ్రౌజరు, ఒకే రకం ఫైలు. ఇంగ్లిషు పేజీలో మాట దొరుకుతూ, పక్కన తెలుగు పేజీలో దొరక్కపోతే తేడా సర్వరులో ఉండదు. అసలు తెర మీద కనిపించే లక్షణాన్ని బట్టే లోపం ఎక్కడుందో చాలావరకు చెప్పొచ్చు. తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ పెట్టెలు కనిపిస్తే యూనికోడ్ ఫాంటు ఫైలులో పొదగలేదు, చూసేవారి యంత్రంలోనూ తెలుగు ఫాంటు లేదు. రోమన్ అక్షరాలు కనిపిస్తే అది యూనికోడ్‌కు ముందరి ఫాంటుతో కంపోజు చేసినది, దాన్నీ పొదగలేదు. పొల్లు విడిగా నిలబడి ఒత్తు కిందికి దిగకుండా పూర్తి అక్షరంగా పక్కన ఉంటే, పీడీఎఫ్ తయారుచేసిన ప్రోగ్రాముకు తెలుగు అల్లిక, అంటే సంకేతాలను కలిపి అక్షరంగా కూర్చడం, రాదు. అంతా చక్కగా కనిపిస్తూ వెతికితే దొరక్కపోతే అది చేతి వరస. నాలుగు లక్షణాల్లో ఒక్కటి కూడా వెబ్‌సైటు నిర్వహించేవారు తమ వైపు సర్దితే పోయేది కాదు. ఫైలు పుట్టిన చోటికే వెళ్లాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న చెరుకుపల్లి ప్రాంతానికి ఫైళ్లు పుట్టే చోటు అంటే మొదట గుర్తొచ్చేది తెనాలే. ఆంధ్రా ప్యారిస్ అని పేరు పడ్డ ఆ ఊరు నాటకాలకు ఎంత పెట్టింది పేరో పుస్తకాలకూ అంతే. చక్రపాణి ‘యువ’ పత్రిక మొదలుపెట్టింది అక్కడే. 1947 జూలైలో మద్రాసులో ‘చందమామ’ పుట్టడానికి ముందు ఆయన చేతికి పత్రిక పని అలవాటైంది తెనాలిలోనే. రచయిత కొడవటిగంటి కుటుంబరావు ఆ ఊరి వారు. సాధన గ్రంథ మండలి ఆధ్యాత్మిక గ్రంథాలను దశాబ్దాలుగా తెనాలి నుంచే ప్రచురించింది. ఇటు నైరుతిగా వెళితే వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం ఆ కాలపు పుస్తకాలనూ పత్రికలనూ దాచిపెట్టిన గ్రంథాలయం. పుస్తకం తయారయ్యే ఊరు, పుస్తకం నిలిచే ఊరు రెండూ ఇంత దగ్గరలో ఉన్న ప్రాంతం కాబట్టే ఈ చరిత్రను ఇక్కడి నుంచి చూడటం సబబు.

సీసపు అచ్చుల కాలంలో కంపోజిటరు ముందున్న కేసులో ఇంగ్లిషుకు సరిపోయే గడులు తెలుగుకు సరిపోవు. తలకట్టుతో ఒకటి, దీర్ఘంతో ఒకటి, గుడితో ఒకటి, గుడిదీర్ఘంతో ఒకటి, ఇలా ఒక్కో హల్లుకూ గుణింతమంతా పోత పోయాలి. ఒత్తులకు మళ్లీ విడి అచ్చులు. కొన్ని వందల అచ్చుల మధ్య చెయ్యి చూడకుండా కదలాలి. ‘చెరుకుపల్లి’ అని కూర్చేటప్పుడు కంపోజిటరు స్టిక్కులో ‘ప’ పెట్టి, ‘లి’ పెట్టి, దాని పక్కన ల ఒత్తు పెడతాడు. ‘చెరుకుపలి్ల’ అని ఇవాళ నోట్‌ప్యాడ్‌లో పడుతున్న వరస అచ్చంగా ఆ స్టిక్కులోని వరస. అప్పట్లో దానివల్ల నష్టం ఏమీ లేదు. కాగితం మీద సిరా పడ్డాక చదివేది మనిషి కన్ను. ఆ కన్నుకు ఏ అచ్చు ముందు పెట్టారో, ఏది వెనక పెట్టారో అక్కర్లేదు. తర్వాత వచ్చిన తెలుగు టైపు మిషను కూడా చేతి వరసనే నమ్ముకుంది. ఆ వృత్తిలో అక్షరమంటే ఆకారం, అంతే. అలా అనుకున్నందుకు ఆ వృత్తిని తప్పుపట్టడానికి లేదు. దాని బరువంతా కంపోజిటరు కళ్ల మీదా వేళ్ల మీదా పడింది, వాళ్లు దాన్ని నిష్ఠగా మోశారు.

పీడీఎఫ్ పుట్టుక కూడా ఆకారం కోసమే కావడం తెలుగుకు జరిగిన యాదృచ్ఛికం. 1991లో అడోబీ సంస్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ ‘కేమ్‌లాట్’ పేరుతో ఒక పథకం రాసుకున్నారు. ఏ యంత్రంలో తయారైన కాగితమైనా, ఏ యంత్రంలో తెరిచినా, ఏ ప్రింటరులో తీసినా ఒక్కలాగే కనిపించాలి, అదీ కోరిక. 1993లో ఆ కోరికే పీడీఎఫ్ అయి వచ్చింది. పేజీలో ఫలానా చోట, ఫలానా ఫాంటులోని ఫలానా ఆకారాన్ని గీయి అని చెప్పే ఆజ్ఞల చిట్టా అది. ఆ ఆకారం ఏ అక్షరమో చెప్పడం మొదట దాని పని కాదు. ఇంగ్లిషులో ఆకారమూ అక్షరమూ దాదాపు ఒకటే కాబట్టి వాళ్లకు ఆ లోటు తెలియలేదు. ఫాంటులోని ఒక్కో ఆకారానికి ఏ యూనికోడ్ సంకేతమో చెప్పే పట్టికను ఫైలులో చేర్చే వీలు కొన్నేళ్లకు వచ్చింది. 2001 నాటి పీడీఎఫ్ 1.4లో ‘ఈ ఆకారాల గుంపుకు అసలు పాఠం ఇది’ అని విడిగా రాసిపెట్టే ఏర్పాటూ ఉంది. అంటే మందు ఉంది. తెలుగు పీడీఎఫ్‌లు తయారుచేసినవారిలో దాన్ని వాడినవారు తక్కువ, ఎందుకంటే వాళ్ల చేతిలోకి వచ్చిన పాఠమే అప్పటికి పాఠం కాదు.

ఇక్కడ డీటీపీ (కంప్యూటరు మీద పేజీలు కూర్చే పని) సంగతి వివరంగా చెప్పుకోవాలి. సీసం పోయి కంప్యూటరు వచ్చాక తెలుగు ప్రెస్సులు పేజ్‌మేకర్‌తో పాటు అను, శ్రీలిపి, ఆకృతి వంటి ఫాంట్ల మీద స్థిరపడ్డాయి. ఆంధ్ర దేశంలో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, వార్షికోత్సవ సంచికలు ఎన్నో అను ఫాంట్ల మీద నడిచాయి. ఆ ఫాంట్లలో గడులు 256కు మించవు. తెలుగు ఆకారాలన్నీ అందులో పట్టవు కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేశారు: మొండెం ఒక గడిలో, తలకట్టు ఇంకో గడిలో, గుడి వేరే, ఒత్తు వేరే. ఆ గడులు రోమన్ లిపికీ ఐరోపా భాషల గుర్తులకూ కేటాయించినవి. కంప్యూటరుకు తెలిసినంతవరకు అక్కడ ఉన్నది ఫ్రెంచి అక్షరమో జర్మను అక్షరమో. తెలుగు అని తెలిసింది ఫాంటుకు ఒక్కదానికే. ఫాంటు పక్కన ఉన్నంతసేపూ పేజీ ముత్యాల్లా ఉంటుంది. ఫాంటును పొదగకుండా పీడీఎఫ్ చేసి పంపితే, చూసేవాడి యంత్రం తన దగ్గరున్న రోమన్ ఫాంటును తెచ్చి ఆ గడుల్లో ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. రోమన్ అక్షరాల కలగాపులగం అలా పుడుతుంది. పొదిగి పంపినా కనిపించడం వరకే. వెతికితే, కాపీ చేస్తే, చూపులేని పాఠకుడి కోసం కంప్యూటరు చదివి వినిపిస్తే ఆ అర్థంలేని రోమన్ అక్షరాలే బయటికొస్తాయి.

అప్పటికే యూనికోడ్ ఉంది కదా, ఎందుకు వాడలేదు అని అడిగేవారికి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న దగ్గర ప్రెస్సులకు అన్యాయం జరుగుతుంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గడుల స్థానం ఉంది. మన దేశపు ఇస్కీ ప్రమాణం కూడా నోటి వరసనే అనుసరించింది. కానీ సంకేతాలు ఉన్నంత మాత్రాన అక్షరం కనిపించదు. ల, పొల్లు, ల, గుడి అన్న నాలుగింటిని ‘ల్లి’గా అల్లే యంత్రాంగం కావాలి. విండోస్‌లో అది తెలుగుకు అందింది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అదే ఏడాది వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ ప్రోగ్రాముకు ఆఖరి కూర్పు. దానికి ఈ అల్లిక రానే రాలేదు. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్‌కు భారతీయ భాషల అల్లిక సరిగ్గా పట్టుబడింది 2012లో సీఎస్6తో. అంటే దాదాపు ఇరవై ఏళ్లపాటు తెలుగు ప్రెస్సు యజమానికి పుస్తకం వేయడమా, సంకేతాలు సరిగ్గా ఉంచుకోవడమా అన్నదే ఎంపిక. రెండూ ఒకేసారి కుదిరే దారి లేదు. రేపటికల్లా శుభలేఖలు కావాలని వచ్చి కూర్చున్నవాడికి పేజీ అందంగా తీసివ్వాల్సినవాడు ఇంకేం చేస్తాడు? 2012కు ముందరి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. దారి తెరుచుకున్న తర్వాత కూడా పాత దారిలోనే నడవడం మీదే ఫిర్యాదు.

పత్రికల వెబ్‌సైట్లు ఇదే దశను దాటిన తీరు చూస్తే, దాటడం సాధ్యమేనని తెలుస్తుంది. తొలినాళ్లలో ఒక్కో దినపత్రికకు ఒక్కో ఫాంటు; దాన్ని దించుకోకపోతే, లేదా బ్రౌజరు ఆ ఫాంటును తనంతట తాను తెచ్చుకోకపోతే వార్త అర్థంకాని గుర్తుల కుప్పగా ఉండేది. అమెరికాలో ఉన్న తెలుగువాడూ తెనాలిలో ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నవాడూ ఒకే ఇబ్బంది పడ్డారు. దీనికి విరుగుడుగా నాగార్జున వెన్న ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు రాశారు. పత్రిక ఫాంటులోని గడులను చదివి, అవి ఏ తెలుగు అక్షరాలో లెక్కగట్టి, అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తర్వాత పత్రికలే యూనికోడ్‌కు మారాయి. దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ సిలికానాంధ్ర సంస్థా కలిసి ఉచిత ఫాంట్లు విడుదల చేశాయి; వాటిలో ఒకదాని పేరు తెనాలి రామకృష్ణ. అయితే ఆ వలసలో కూడా చేతి వరస వెంట వచ్చింది. ర ఒత్తును అక్షరానికి ఎడమ నుంచి చుట్టి రాసే సంప్రదాయం ఉంది కాబట్టి పాత కంపోజింగులో అది ముందు పడేది. మార్పిడి చేసిన యంత్రాలు దాన్ని అలాగే ఉంచేశాయి. అందుకే ‘రాష్ర్టం’, ‘శాస్ర్తి’ అన్న రూపాలు తెలుగు ఇంటర్నెట్‌లో అన్ని వేల చోట్ల కనిపిస్తాయి. అవి రాసినవారి అక్షరదోషాలు కావు. ఫాంటు మారినప్పుడు వరస మారకపోవడం వల్ల మిగిలిన గుర్తులు. తుమ్మల వారి ప్రసిద్ధ కావ్యం ‘రాష్ట్రగానము’ పేరులోనే ఈ గండం ఉంది.

పాత పుస్తకాల దారి వేరు. 2000ల మొదట్లో, కార్నెగీ మెలన్‌లో పనిచేసిన మన రాజ్ రెడ్డి తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకంతో పాటు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. తెలుగు పుస్తకాల స్కానింగులో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ప్రధాన కేంద్రం. అది చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే. లేకపోతే ఎన్నో పుస్తకాలు చెదలకు పోయేవి. కానీ పేజీకొక టిఫ్ బొమ్మగా దాచిన ఆ పుస్తకాలను చూడటానికి బ్రౌజరుకు వేరే ప్లగిన్ కావాల్సి వచ్చేది, పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో తలో రకంగా రాసి ఉండేవి. ఆసక్తి ఉన్నవాళ్లు పేజీలన్నీ దించి కుట్టి పీడీఎఫ్‌లు చేసుకున్నారు. అవే తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ఇవాళ చాలామంది పాత తెలుగు పుస్తకం చదివేది ఆ పీడీఎఫ్‌లోనే. వాటిలో పాఠం లేదు, పేజీ ఫొటో మాత్రమే ఉంది. సారస్వత నికేతనంలో బీరువా ముందు నిలబడితే పుస్తకం ఎక్కడుందో గ్రంథపాలకుడు చెబుతాడు. బొమ్మ పీడీఎఫ్‌కు అలా చెప్పే నోరు లేదు.

ఆఫీసుల్లో కథ ఇంకో మలుపు తిరిగింది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో దస్తావేజును పుస్తకాల్లోకి చేత్తో నకలు రాసే పద్ధతి దశాబ్దాలు నడిచింది. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణకు మొదలైన కార్డ్ పథకంతో దాని బదులు స్కాన్ వచ్చింది. వేగం పెరిగింది, లంచాల దారులు కొన్ని మూసుకున్నాయి, కానీ దాచినది బొమ్మనే. 2011 నవంబరులో మీసేవ వచ్చాక డిజిటల్ సంతకంతో ధ్రువపత్రాలు అందాయి. అక్కడ ఇంకో చిక్కు. ఆ పీడీఎఫ్‌ను అక్రోబాట్‌లో తెరిస్తే సంతకం మీద పసుపు రంగు ప్రశ్న గుర్తు, చెల్లుబాటు తెలియదన్న మాట కనిపిస్తాయి. సంతకం దొంగది కాదు. దానికి మూలమైన భారత ప్రభుత్వ ధ్రువీకరణను నమ్మమని ఆ యంత్రానికి ఎవరూ చెప్పలేదు. చెబితే ప్రశ్న గుర్తు పోయి పచ్చ టిక్కు వస్తుంది. బ్రౌజరులో తెరిస్తే చాలాసార్లు ఆ తనిఖీయే జరగదు. ఆ ప్రశ్న గుర్తుతోనే ప్రింటు తీసిన కాగితాన్ని పట్టుకుని వెళ్లినవాడికి అవతలి గుమాస్తా అనుమానంగా చూస్తే తప్పెవరిదని చెప్పాలి? ఇక్కడ కూడా కాగితం మీద ఆకారం వెళ్లింది, దాని వెనకున్న సత్యం వెళ్లలేదు.

పాఠం లేకుండా బొమ్మగా ఉంచడమే మేలు అనే వాదన కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఓటర్ల జాబితాలను బొమ్మ పీడీఎఫ్‌లుగానే పెట్టాలని ఎన్నికల సంఘం 2018 జనవరిలో చెప్పింది. వెతకగలిగే పాఠంగా ఇవ్వాలన్న వినతిని అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. లక్షల మంది పేర్లు, వయసులు, ఇంటి నంబర్లు ఒక్క నొక్కుతో దోచుకోవడానికి వీలు లేకుండా చేయడం ఆ జాగ్రత్త వెనకున్న కారణం. మనుషుల వ్యక్తిగత వివరాల విషయంలో ఆ కారణాన్ని గౌరవించాల్సిందే. కానీ అది తెలిసి తీసుకున్న నిర్ణయం. ప్రభుత్వ ఉత్తర్వుకూ, పంచాయతీ తీర్మానానికీ, కవి సంపుటానికీ, స్థానిక చరిత్ర గ్రంథానికీ అటువంటి నిర్ణయం ఎవరూ తీసుకోలేదు. అవి అలవాటు కొద్దీ మూగవయ్యాయి.

ఇప్పుడంతా యూనికోడ్ కదా, ఇక సమస్య ఎక్కడిది అనేది ఇంకో మాట. దస్తావేజు రాసేటప్పుడు యూనికోడ్ ఉంటుంది, నిజమే. పీడీఎఫ్ అయ్యేటప్పుడు అది మళ్లీ ఆకారాల చిట్టా అవుతుంది. పట్టికలో ‘లి’ ఆకారానికి ల, గుడి అనీ, ఒత్తు ఆకారానికి పొల్లు, ల అనీ రాసుకుంటే, గీసిన వరసలో చదివినప్పుడు ‘పలి్ల’ అనే వస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసిన కొత్త పీడీఎఫ్‌లో కూడా చెరుకుపల్లి దొరక్కపోవడానికి కారణం ఇదే. ఇక వెబ్‌సైటులో బటన్ నొక్కగానే అప్పటికప్పుడు తయారయ్యే ధ్రువపత్రాల సంగతి మరీ అన్యాయం. వాటిని తయారుచేసే ప్రోగ్రాము భాగాలు ఇంగ్లిషు కోసం రాసినవి. ఎఫ్‌పీడీఎఫ్ వంటివాటికీ, ఐటెక్స్ట్ పాత కూర్పులకూ తెలుగు అల్లిక రాదు. అందుకే పొల్లులు నిలువునా నిలబడి, ఒత్తులు దిగకుండా ఉన్న పేర్లతో కాగితాలు వస్తుంటాయి. అక్కడ చిత్రంగా సంకేతాల వరస సరిగ్గానే ఉంటుంది, కనిపించే రూపమే విరిగిపోతుంది. అంటే నోటి వరస ఉన్నచోట చేతి పని లేదు, చేతి పని ఉన్నచోట నోటి వరస లేదు. రెండూ కలిపి అడగడం నేర్చుకోనంతకాలం ఇంతే. ప్రోగ్రాము కొనే ఆఫీసు దాన్ని సరఫరా చేసేవారిని అడగాల్సిన పరీక్ష చాలా చిన్నది: చెరుకుపల్లి అని కనిపించాలి, చెరుకుపల్లి అని వెతికితే దొరకాలి.

చివరి అభ్యంతరం నేటి కాలానిది. బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ తెలుగుకు బాగానే వచ్చింది. గూగుల్ డ్రైవ్‌లోనూ టెసరాక్ట్‌లోనూ ఉంది, వికీసోర్స్‌లో తెలుగు పుస్తకాలు ఎక్కిస్తున్నవాళ్లు దాని మీదే ఆధారపడి, పేజీ పేజీ దిద్దుతున్నారు. ఇక పాత తప్పుల గురించి బెంగ ఎందుకు? ఇందులో కొంత ఒప్పుకోవాలి. ‘లి్ల’ వంటి రూపాన్ని యంత్రం నియమంతోనే సరిదిద్దగలదు, ఎందుకంటే గుడి తర్వాత పొల్లు రావడం తెలుగులో ఎక్కడా కుదరదు. అను గడులను యూనికోడ్‌కు మార్చే సాధనాలూ ఉన్నాయి. కానీ ర ఒత్తు, ట ఒత్తు తారుమారైన చోట రెండు రూపాలూ రాతకు కుదిరేవే. ఏది అసలుదో భాష తెలిసినవాడు చెప్పాలి. సర్వే నంబరులో అంకె, ఇంటిపేరులో ఒత్తు, పద్యంలో యతి కూర్చిన అక్షరం, ఇవి ఊహతో నింపే ఖాళీలు కావు. ఓసీఆర్ ఇచ్చేది ఊహ, ఎంత మంచిదైనా. పుట్టినప్పుడు పాఠం చేతిలో ఉండి, దాన్ని పారేసి, ఫొటో దాచి, తర్వాత ఫొటోలోంచి పాఠాన్ని ఊహించమని యంత్రాన్ని అడగడం పనికి రెండింతలు ఖర్చు పెట్టుకోవడం.

ఈ నష్టం పల్లెల వైపు మరింత ఎక్కువ. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి చెరుకుపల్లి మండలం కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఒకే పొలం గురించిన కాగితాల్లో మూడు పాలనా చిరునామాలు ఉండవచ్చు. పాత జిల్లా పేరుతో ఉన్న ఉత్తర్వునూ కొత్త పేరుతో ఉన్నదాన్నీ కలిపి చూడాలంటే మారనిది ఊరి పేరొక్కటే. ఆ ఊరి పేరే దొరకకపోతే కాగితం వెబ్‌సైట్‌లో ఉండీ లేనట్టే. హైదరాబాదు, విజయవాడ వంటి పేర్లు ఇంగ్లిషులోనో ఇంకెక్కడో దొరుకుతాయి. అదే మండలంలోని గుళ్ళపల్లి గురించి రాసింది తెలుగులో తప్ప ఇంకెక్కడుంటుంది?

ఇప్పుడు చేయాల్సిన వాటిలో అన్నిటికంటే తొందర పడాల్సింది ఒకటుంది. కొత్త పీడీఎఫ్‌ల సంగతి నెమ్మదిగానైనా సర్దుకుంటుంది. 2005లో వచ్చిన పీడీఎఫ్-ఏ ప్రమాణం ఫాంట్లన్నీ ఫైలులోనే పొదగాలంటుంది, అందులో పాఠం సంకేతాలనూ తప్పనిసరి చేసే మెట్టు ఉంది. దానితో పాటు అదే పాఠాన్ని మామూలు వెబ్ పేజీగానూ పెడితే చాలావరకు సరిపోతుంది. పాత డీటీపీ ఫైళ్ల సంగతి అలా కాదు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రెస్సుల్లో పాత హార్డ్ డిస్కుల్లో, సీడీల్లో 1990ల నుంచి కూర్చిన పేజ్‌మేకర్ ఫైళ్లు ఎన్ని మిగిలి ఉన్నాయో అన్నీ అమూల్యమే, ఎందుకంటే వాటిలో బొమ్మ కాదు, కంపోజిటరు వేళ్లు నొక్కిన వరస యథాతథంగా ఉంది. ఆ వరసను నియమంతో యూనికోడ్‌కు మార్చవచ్చు. కానీ పేజ్‌మేకర్ కొత్త యంత్రాల మీద నడవదు, సీడీలు పాడవుతున్నాయి, ఏ పుస్తకానికి ఏ కూర్పు ఫాంటు వాడారో చెప్పగలిగినవారు దుకాణాలు మూసి ఇంటిపట్టున ఉంటున్నారు. గ్రంథాలయాలు స్కానరు కొనడానికి ముందు ఆ ప్రెస్సుల తలుపు తట్టాలి.